వెల్లకిలా పడితే చచ్చిపోయినట్టు కాదండి: టరాంటులాలు ఎందుకు పోతాయి, ఎలా కాపాడుకోవాలి

ముందు ఒక్క మాట చెప్పేస్తాను, ఇది తెలియకే చాలామంది బతికున్న సాలీడుని చెత్తబుట్టలో పడేస్తున్నారు. టరాంటులా అంటే కొందరు ఇళ్ళల్లో బాక్సులో పెట్టి పెంచుకునే పెద్ద బొచ్చు సాలీడు. పొద్దున్నే లేచి చూసేసరికి మీ టరాంటులా వెల్లకిలా పడి కాళ్ళు పైకి పెట్టుకుని కదలకుండా ఉందనుకోండి, అది చచ్చిపోలేదు, కుబుసం విడుస్తోంది. పాము విడిచినట్టే. ముట్టుకోవద్దు, తిప్పి బోర్లా పెట్టొద్దు, నీళ్ళు చల్లొద్దు, బాక్సు కూడా కదపొద్దు. నిజంగా ప్రాణం మీదకి వచ్చిన సాలీడు అలా ఉండదు, మామూలుగా నిలబడ్డట్టే ఉండి ఎనిమిది కాళ్ళూ కిందకి లోపలికి ముడుచుకుపోతాయి, గుప్పెట మూసినట్టు. ఎంచేతంటే సాలీడుకి కాలు ముడవడానికి కండరాలు ఉన్నాయి గానీ ముఖ్యమైన కీళ్ళ దగ్గర చాపడానికి లేవు, ఒంట్లో ద్రవం ఒత్తిడితోనే కాలు చాపుతుంది, మన చేపల చెరువులు తవ్వే పొక్లెయిన్ చెయ్యి ఆయిల్ ప్రెషర్‌తో చాచినట్టన్నమాట. ఒంట్లో నీరు తగ్గితే ప్రెషర్ పోతుంది, కాళ్ళు ముడుచుకుంటాయి. ఈ రెండు పోజులకీ తేడా తెలిస్తే సగం సాలీళ్ళు బతుకుతాయి అని నా నమ్మకం.

మాది అమలాపురం పక్క పల్లె. నా దగ్గర ఉన్నది కర్లీ హెయిర్ రకం, హోండురస్, నికరాగ్వా వైపు నేల మీద బొరియల్లో ఉండే జాతి, బాగా నెమ్మదస్తురాలు. ఓసారి పాలకొల్లు నుంచి మా పిన్ని వచ్చింది, పొద్దున్నే బాక్సులోకి చూసి "ఒరేయ్ అబ్బాయ్, నీ సాలీడు పోయిందిరా, కాలవలో పడేసి రా" అంది, మా తమ్ముడు అప్పటికే చేట తెచ్చేశాడు. నేను పరిగెత్తుకొచ్చి చూస్తే వెల్లకిలా ఉంది, కింద తెల్లగా దుప్పటి పరిచినట్టు సాలెగూడు అల్లుకుని మరీ పడుకుంది. "పిన్నీ ఆగు, కూర్చో, చూద్దువుగాని" అన్నాను. ఇద్దరం స్టూళ్ళు వేసుకుని కూర్చున్నాం. ముందు తల పైన ఉండే గట్టి చిప్ప డబ్బా మూత లేచినట్టు లేచింది, తర్వాత పొట్ట పక్కల చర్మం చీలింది, తర్వాత కాళ్ళు. బిగుతు జాకెట్టు చేతులోంచి చెయ్యి లాక్కున్నట్టు కూసింత కూసింత లాగుతుంది, ఆగుతుంది, మళ్ళీ లాగుతుంది. బయటికి వచ్చిన కాళ్ళు పాలిపోయి మెత్తగా ఉన్నాయి, కోరలు పాలపళ్ళంత తెల్లగా ఉన్నాయి. మొత్తం అయ్యేసరికి మధ్యాహ్నం భోజనాల వేళయింది. పిన్ని ఇప్పుడు ఫోన్ చేసినప్పుడల్లా ముందు దాని గురించే అడుగుతుంది.

కుబుసం టైమే వీటికి అసలైన గండం. వారం పది రోజుల ముందు, ఒక్కోసారి నెల ముందు నుంచే తిండి మానేస్తుంది, అమెరికా రకాలకి పొట్ట మీద వెంట్రుకలు ఊడిన చోట చర్మం నల్లగా అవుతుంది, కదలికలు తగ్గుతాయి. అది కనపడగానే బాక్సులో వేసిన పురుగులన్నీ తీసెయ్యాలి, ఒక్కటి కూడా ఉండకూడదు, మెత్తటి ఒంటితో పడున్న సాలీడుని కీచురాయి కొరికి తినేస్తుంది, ఇది కథ కాదండి, వేటాడాల్సిందే ఆహారం అయిపోతుంది. నీళ్ళ మూత, అంటే తాగడానికి నీళ్ళు పోసి పెట్టే సీసా మూత, నిండా ఉంచండి, ఒంట్లో నీరు చాలకపోతే పాత చర్మంలో ఇరుక్కుపోతుంది, అలా ఇరుక్కుంటే బతకడం కష్టం. ఒక్క కాలే ఇరుక్కుంటే పర్లేదు, ఆ కాలు అదే వదిలేసుకుంటుంది, తర్వాతి కుబుసాల్లో కొత్త కాలు వస్తుంది. కుబుసం అయ్యాక ఆకలేస్తుందేమో పాపం అని వెంటనే పురుగు వేసేస్తారు కొందరు, వెయ్యకండి, కోరలు తెలుపు నుంచి ఎరుపు, ఎరుపు నుంచి నలుపు అయ్యేదాకా ఆగండి, పెద్దదానికి పది రోజులు, రెండు వారాలు కూడా పడుతుంది.

ఇంక మన ఏరియా సంగతి. గోదావరి జిల్లాల్లో వీటిని చంపేది చలి కాదు, ఎండా, ఉక్కా, పురుగుమందులూ. ఇంటర్నెట్‌లో చలి దేశాల వాళ్ళు చెప్పింది విని ఇక్కడ హీట్ మ్యాట్, అంటే బాక్సుని వెచ్చబెట్టే కరెంటు పట్టా, కొనేవాళ్ళని చూశాను, దయచేసి కొనకండి, మనిషికి హాయిగా ఉన్న గది టరాంటులాకీ హాయిగానే ఉంటుంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు కదా, రాజమండ్రిలో 44, 45 డిగ్రీలు చూస్తున్నాం, ఆ రోజుల్లో డాబా మీద రేకుల గదిలో బాక్సు పెడితే మధ్యాహ్నానికే కాళ్ళు ముడుచుకుంటుంది. కింద గదిలో, నేల మీద, గోడ వారగా పెట్టండి, పెంకుటిల్లు ఉంటే అదృష్టవంతులు. కిటికీ ఎండ గాజు బాక్సు మీద పావుగంట పడినా లోపల ఉడికిపోతుంది. కరెంటు పోయిన మధ్యాహ్నం అయితే ఫ్రీజర్లో గడ్డకట్టిన నీళ్ళ సీసా తువ్వాలులో చుట్టి బాక్సు బయట ఒక పక్కన ఆనించి పెట్టండి, లోపల పెట్టొద్దు, ఒక పక్క చల్లగా ఉంటే ఎటుండాలో అదే చూసుకుంటుంది.

వర్షాకాలం కష్టం దీనికి పూర్తిగా రివర్స్. జులై నుంచి తుఫాన్ల సీజన్ అయ్యేదాకా గాలిలోనే తడి ఉంటుంది, అప్పుడు కూడా పుస్తకంలో చెప్పారని రోజూ స్ప్రే కొడితే లోపల బూజు పడుతుంది, గాలి ఆడదు. ముఖ్యంగా చెట్ల మీద ఉండే పింక్ టో రకాలు ఈ ఉక్కకే ఉన్నట్టుండి పోతాయి, తడి తక్కువై కాదు, గాలి లేక. మూతకి మాత్రమే కన్నాలు ఉంటే చాలదు, బాక్సుకి ఎదురెదురు పక్కల కన్నాలు ఉండాలి, గాలి ఇటు నుంచి అటు పోవాలి. స్ప్రే మానేసి నీళ్ళ మూత ఒకటి ఉంచి, కింద మట్టి ఒక మూల మాత్రం తడపండి. నీళ్ళ మూతలో స్పాంజి పెట్టొద్దు, అది కంపు కొట్టి క్రిములు పెరగడానికే తప్ప దేనికీ పనికిరాదు.

కింద వేసే పొట్టుకి మనకి కొదవ లేదు, అంబాజీపేట చుట్టుపక్కల కొబ్బరి పీచు తీసే చోట్ల గుట్టలు గుట్టలుగా ఉంటుంది. కాకపోతే తెచ్చింది తెచ్చినట్టు వెయ్యొద్దు, రెండు మూడు నీళ్ళల్లో కడిగి, పిండి, ఎండలో బాగా ఆరబెట్టి వెయ్యండి. నర్సరీలో అమ్మే ఎరువు కలిపిన కోకోపీట్ అస్సలు వద్దు.

ఇప్పుడు మందుల సంగతి, దీని గురించి ఎక్కువే రాస్తాను ఎంచేతంటే నేను ఒకదాన్ని ఇలాగే పోగొట్టుకున్నాను. చిలీ రోజ్ అనే రకం, నాలుగేళ్ళు నా దగ్గర పెరిగింది. సార్వా వరి చేలు పొట్ట దశలో ఉన్నప్పుడు ఒక సాయంత్రం గట్టు మీద మిడతలు పట్టుకొచ్చి వేశాను, కొన్న కీచురాళ్ళు అయిపోయాయి, అవి దొరికాయి కదా అని. ఆ చేలో సుడిదోమకి మందు కొట్టి రెండు రోజులే అయిందని నాకు తెలియదు, అడగలేదు, తప్పు నాదే, రైతుది కాదు. మిడత చావలేదు, గెంతుతూనే ఉంది, సాలీడు తినేసింది. మర్నాటి రాత్రి చూస్తే నడక తేడాగా ఉంది, ముందుకాళ్ళు ఎత్తి ఎక్కడ పెట్టాలో తెలియనట్టు గాలిలో వణికిస్తోంది, గోడ ఎక్కబోయి వెనక్కి పడుతోంది, ఒక్కోసారి తల నేలకి ఆనించి గుండ్రంగా తిరుగుతోంది. నీళ్ళ మూత దగ్గర పెట్టాను, తాగలేదు. నాలుగో రోజుకి కాళ్ళు ముడుచుకుంది. ఇలాంటి వణుకుడుని పెంచేవాళ్ళు డిస్కైనెటిక్ సిండ్రోమ్ అంటారు, ఫలానా ఒక్క కారణం అని ఎవరూ తేల్చలేదు గానీ పురుగుమందుల మీదే అందరి అనుమానం, దీనికి విరుగుడు లేదు. అప్పట్నుంచి బయట పట్టిన పురుగు ఒక్కటి కూడా వెయ్యను. మన డెల్టాలో సార్వా, దాళ్వా రెండు పంటలు, కొబ్బరి తోటలు, చెరువులు, ఎక్కడో అక్కడ ఏదో ఒక మందు పడుతూనే ఉంటుంది. ఇంట్లోనే పెంచిన కీచురాళ్ళు గానీ, డూబియా బొద్దింకలు గానీ, మీల్‌వార్మ్ గానీ వాడుకోండి, కీచురాళ్ళకి పెట్టే ఆకుకూర కూడా బాగా కడిగి పెట్టండి.

చేలల్లోనే కాదు, మన గదిలో కూడా విషమే. దోమల లిక్విడ్, కాయిల్, బొద్దింకల స్ప్రే, చీమల చాక్, వీటన్నిటిలో ఉండేది పురుగుల్ని చంపే మందే, ఇది దోమ, ఇది సాలీడు అని ఆ మందుకి తేడా తెలియదు కదా. దోమలు లేని ఊరు మనది కాదు, అందుకని ఆ గదిలో దోమతెర కట్టుకోండి, లిక్విడ్ మాత్రం వేరే గదిలో. కుక్కకో పిల్లికో గోమార్లు, ఈగలు పట్టకుండా మెడ వెనక వేసే చుక్కల మందు ఉంటుంది కదా, అది వేసిన చేత్తో బాక్సు ముట్టుకోవద్దు, సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నా నేను ఆ రోజు దాని జోలికి వెళ్ళను. వీధిలో ఫాగింగ్ బండి వస్తున్న చప్పుడు వినపడిందంటే వెంటనే తలుపులు మూసి బాక్సు లోపలి గదిలోకి, తడి గుడ్డ తలుపు కింద పెట్టి, పొగ పూర్తిగా పోయాక గంట ఆగి బయటికి తీయండి. మా వీధిలో ఒకసారి చెప్పాపెట్టకుండా రాత్రి ఎనిమిదింటికి వచ్చింది బండి, అదృష్టం కొద్దీ ఆ రోజు కిటికీలు మూసి ఉన్నాయి.

చీమలకి మందు వాడకూడదంటే మరి ఎలా అంటారా, మన అమ్మమ్మల పద్ధతే. పాలగిన్నె పళ్ళెంలో నీళ్ళు పోసి మధ్యలో పెట్టేవారు కదా, బాక్సు పెట్టిన స్టూలు కాళ్ళ కింద నాలుగు గిన్నెలు పెట్టి నీళ్ళు పొయ్యండి, స్టూలు గోడకి తగలకూడదు. తిని వదిలేసిన పురుగు ముక్కలు మర్నాడే తీసెయ్యండి, వాటికే చీమలు వస్తాయి, వాటికే తెల్లటి సన్న పేలు లాంటి మైట్లు కూడా పెరుగుతాయి. కుబుసం విడిచే సాలీడుకి ఎర్రచీమలు పట్టాయంటే అది లేచి పారిపోలేదు, అంతే ఇంక.

పడిపోవడం. టరాంటులా పొట్ట నీళ్ళు పోసిన బెలూన్ లాంటిది, అడుగు ఎత్తు నుంచి పడినా చిట్లిపోవచ్చు. నేల మీద ఉండే రకాలకి పొడుగు బాక్సు వద్దు, పొట్టు పై నుంచి మూత దాకా ఉన్న ఎత్తు దాని కాళ్ళ నిడివికి ఒకటిన్నర రెట్లకి మించకూడదు, అందుకే పొట్టు ఎక్కువ వెయ్యమంటారు. మూతకి ఇనప మెష్ పెట్టొద్దు, కాలి గోళ్ళు ఇరుక్కుని వేలాడి కాలు తెగి పడిపోతుంది. చేతి మీద ఎక్కించుకుని ఫోటోలు దిగడం దానికి ఏ మాత్రం ఇష్టం ఉండదు, సాలీడుకి మనమంటే ప్రేమ పుట్టదు, కాస్త బెదిరితే గెంతుతుంది. పైగా అమెరికా రకాలు పొట్ట మీది సన్న వెంట్రుకలు కాలితో గీరి విసురుతాయి, కంట్లో పడితే డాక్టర్ దగ్గరకి పరిగెత్తాల్సిందే. పొట్ట మరీ గుమ్మడికాయలా ఉబ్బేలా మేపొద్దు, ఈడ్చుకుంటూ నడిస్తే రాయికి గీసుకుని చిరుగుతుంది. పెద్దదానికి వారం పది రోజులకి ఒక పురుగు చాలు. నెలల తరబడి తినకపోయినా పొట్ట నిండుగా ఉంటే కంగారు లేదు, చిలీ రోజ్ అయితే ఏడాది ఉపవాసం చేసినా బతుకుతుంది.

దెబ్బ తగిలి పారదర్శకంగానో లేత నీలంగానో ద్రవం కారుతుంటే అదే దాని రక్తం, మనకి ఇనుము ఉన్నట్టు దానికి రాగి. చిన్న కారుడయితే కార్న్‌ఫ్లోర్ దూదితో అద్ది కదపకుండా వదిలెయ్యండి, గడ్డ కడితే బతుకుతుంది. పొట్ట పెద్దగా చీలితే మాత్రం మన చేతుల్లో లేదు.

కాళ్ళు ముడుచుకోవడం మొదలయ్యింది కానీ మందు తగల్లేదు, దెబ్బ తగల్లేదు అనుకుంటే దాహమే అయి ఉంటుంది. సీసా మూతలో కొంచెం నీళ్ళు పోసి, మెత్తటి బ్రష్‌తో నెమ్మదిగా జరిపి, నోరు నీళ్ళకి తగిలేలా పెట్టండి, నోరు కోరల మధ్య కింద ఉంటుంది. పొట్ట మాత్రం నీళ్ళల్లో మునగకూడదు, ఊపిరి తీసుకునేది పొట్ట కింద నుంచి. రెండు మూడు గంటలు వదిలెయ్యండి. నిజంగా దాహమే అయితే కాళ్ళు మెల్లగా విచ్చుకుంటాయి, అది చూస్తే కలిగే సంతోషం నాకు ఇంకా గుర్తుంది.

నోటి దగ్గర తెల్లగా నురగలా కనపడి, తిండి మానేసి, కుళ్ళు వాసన వస్తోందంటే అవి నెమటోడ్లు, సన్న పురుగులు. 2022లో కాలిఫోర్నియా వాళ్ళు ఇలాంటి ఒక రకానికి టరాంటోబెలస్ జెఫ్డేనియల్సి అని పేరు పెట్టారు, సాలీళ్ళ సినిమాలో నటించిన హాలీవుడ్ నటుడి పేరు మీద. అది నోట్లోనే కాపురం పెట్టి కోరలు ఆడించలేకుండా చేస్తుంది, సాలీడు ఆకలితో నెలల తరబడి కృశించి పోతుంది. మందు లేదు. వెంటనే వేరే గదిలోకి మార్చి, దాని పట్టుకారు, నీళ్ళ మూత ఇంకోదానికి వాడకుండా, పోయాక పొట్టు మొత్తం పారేసి బాక్సు మరిగే నీళ్ళతో కడగండి.

ఇంకోటి, ఏ తప్పూ చెయ్యకపోయినా మగది పోతుంది. ఆఖరి కుబుసం తర్వాత ముందుకాళ్ళ మీద కొక్కేలు, నోటి పక్క చిన్న కాళ్ళ చివర బాక్సింగ్ గ్లవుల్లాంటి బుడిపెలు వస్తాయి, అది వచ్చాక ఏడాది, ఏడాదిన్నర అంతే, తిండి తగ్గి పొట్ట చిక్కిపోతుంది. ఆడవి మాత్రం కొన్ని రకాల్లో ఇరవై ఏళ్ళు దాటి బతుకుతాయి. అంచేత కొనేటప్పుడు ఆడా మగా అడగండి, పేపర్లు కూడా అడగండి, మన వన్యప్రాణి చట్టంలో 2022 సవరణ తర్వాత సైటీస్ (అరుదైన జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం) జాబితాలో ఉన్నవి పెంచాలంటే రిజిస్ట్రేషన్ ఉండాలి.

అడవిలో వీటి చావులు వేరు. ముంగిసలు, పక్షులు తింటాయి, కానీ అన్నిటికంటే భయంకరమైనది పెద్ద కందిరీగ. ఇది టరాంటులాని కుట్టి చంపదు, కదలకుండా చేసి గుంటలోకి ఈడ్చుకెళ్ళి పైన ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది, పిల్ల పురుగు దాన్ని బతికుండగానే తింటుంది, ముఖ్యమైన అవయవాలు ఆఖరికి ఉంచుకుని మరీ. ఆస్ట్రేలియాలో నంబర్ 16 అని పేరున్న ట్రాప్‌డోర్ సాలీడు, ఇది టరాంటులాలకి చుట్టమే, 1974 నుంచి పరిశోధకులు గమనిస్తూ వచ్చారు, 43 ఏళ్ళు బతికింది, చివరికి దాని బొరియ మూత చిల్లు పడి కనిపించింది, కందిరీగే చంపి ఉంటుందని అనుకుంటున్నారు. బొద్దు ఈగల్లాంటి ఇంకో రకం ఉంది, వాటి పిల్లలు కాలి కీళ్ళలోంచి దూరి ఊపిరితిత్తుల దగ్గర చేరి లోపల్నుంచి తినేస్తాయి. అడవిలో పట్టి తెచ్చిన సాలీడు కొన్ని నెలలకి ఉన్నట్టుండి పోతే కారణం ఇదీ అయి ఉండొచ్చు.

అడవిలోంచి పట్టి తేవద్దు అని చెప్పడానికి ఇది ఒక్కటే కారణం కాదు. మన రాష్ట్రంలోనే నీలం రంగులో మెరిసే సాలీడు ఉంది, 1899లో గుత్తి పేరు మీద లోకానికి తెలిసింది, ఇప్పుడు నంద్యాల, గిద్దలూరు మధ్య అడవుల్లో వంద చదరపు కిలోమీటర్లలోపు జాగాలో మాత్రమే మిగిలింది, అంతరించిపోయే ప్రమాదం బాగా ఎక్కువ ఉన్న జాతుల్లో పెట్టారు. చెట్టు కొట్టినా, తొర్ర పగలగొట్టి పట్టుకెళ్ళినా అది పోయినట్టే.

మన దగ్గర అయితే గోదారి వరద వచ్చినప్పుడు గట్ల బొరియల్లోకి నీళ్ళు దిగి పెద్ద సాలీళ్ళు ఇళ్ళల్లోకి వస్తాయి, చూడగానే చీపురో చెప్పో పడుతుంది. ఈసారి అలా వస్తే కంగారు పడకండి, అది కరవడానికి రాలేదు, మునిగిపోతోందని వచ్చింది. కరిస్తే నొప్పి, తిమ్మిర్లు ఉంటాయి, మన చెట్ల మీది రకాలకి రోజుల తరబడి కూడా ఉంటాయి, కాబట్టి వట్టి చేతులు వద్దు. పెద్ద ప్లాస్టిక్ మగ్గు నెమ్మదిగా దాని మీద బోర్లించండి, పాత క్యాలెండర్ అట్ట కింద నుంచి కాళ్ళు నలగకుండా దూర్చండి, అట్టతో సహా ఎత్తి మెరక మీద, నీళ్ళు రాని చోట, మందు కొట్టని పొద దగ్గర పెట్టి మగ్గు తీసి రెండడుగులు వెనక్కి జరగండి. కాసేపు అలాగే ఉంటుంది, తర్వాత ముందుకాళ్ళతో నేల తడుముకుంటూ పొదలోకి వెళ్ళిపోతుంది.